మా మెస్ సింకు నీళ్లకు నోటీసు వచ్చింది: నవంబర్ నుంచి మార్చి దాకా జరిగింది ఇదీ

మెస్ పెట్టుకునేవాళ్లకు ఫుడ్ లైసెన్స్ గురించి పదిమంది సలహాలిస్తారు, ఫైర్ గురించి చెప్తారు, కరెంటు కమర్షియల్ మీటర్ గురించి చెప్తారు. సింకులోంచి బయటికి పోయే నీళ్లకు కూడా రూల్స్ ఉంటాయని మాత్రం ఎవరూ చెప్పరు. నోటీసు చేతికొచ్చాక తెలిసినవాళ్లందరినీ అడిగాను, "ఏదో చాంబర్ కట్టిస్తే చాలంట" అన్నవాళ్లే తప్ప ఆ చాంబర్ ఎంత ఉండాలి, ఎవరు కడతారు, కట్టాక ఏమవుతుంది అని చెప్పిన మనిషి లేరు. అందుకే డబ్బుల లెక్కతో సహా రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది.

మాది హైదరాబాద్‌లో హాస్టళ్ల మధ్య ఉన్న మెస్. పొద్దున టిఫిన్, రెండు పూటలా భోజనం, ఆదివారం చికెన్. వంటకి నేను, బయటి పనులకి మావారు, అంట్లకి ఒక అక్క, ఇంకో ఇద్దరు పనివాళ్లు.

2024 నవంబర్ మొదటి వారంలో మా వీధిలో మ్యాన్‌హోల్ పొంగింది. అదేం కొత్త కాదు, కానీ ఈసారి నీళ్లు పక్క అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగాయి, కార్ల చక్రాలు మునిగాయి. వాళ్లు వాటర్ బోర్డు నంబర్ 155313కి ఫోన్ చేస్తే మర్నాడు మురుగు పైపులు శుభ్రం చేసే ఎయిర్‌టెక్ మిషన్ వచ్చింది. ప్రెషర్‌తో కొడుతుంటే పైపులోంచి తెల్లటి ముద్దలు వచ్చాయి, చలికాలంలో పేరుకున్న నెయ్యిలా, కాకపోతే ఆ వాసనకి రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. ఆ ముద్దల్లో కరివేపాకు, ఎండుమిర్చి తొక్కలు, టీ పొడి, తలవెంట్రుకలు, శానిటరీ ప్యాడ్లు, పాలిథిన్ కవర్లు. ప్యాడ్లు హాస్టళ్లవి, ఒప్పుకుంటాను, కానీ కరివేపాకు హాస్టళ్లది కాదు కదా. మిషన్ మీద ఉన్నతను "ఇదంతా నూనె మేడమ్, వేడిగా ఉన్నంతసేపు నీళ్లలాగే పోతది, లోపల చల్లబడ్డాక పైపుకి పట్టేస్తది, దానికి మిగతాదంతా అంటుకుంటది" అన్నాడు. తర్వాత నేను విన్న వివరణలన్నిటిలో అంత సూటిగా ఉన్నది ఇంకోటి లేదు.

నవంబర్ 12న వాటర్ బోర్డు నుంచి నోటీసు. మా వీధిలో తిండి షాపులు మూడు, ముగ్గురికీ ఇచ్చారు. అందులో మాకు రాసినవి ఇవి: గ్రీజ్ ట్రాప్ (జిడ్డుని ఆపే తొట్టి) లేదు, మెయిన్ లైన్‌లో కలిపే ముందు సిల్ట్ చాంబర్ (మట్టి, మడ్డి ఆగే గుంత) లేదు, మేడ మీది వాన నీటి పైపు మురుగు చాంబర్‌లో కలిపి ఉంది. 15 రోజుల్లో సరిచేయకపోతే కనెక్షన్ తీసేస్తాం. మూడోది చదివి నేను నోరు తెరిచాను. వాన నీళ్లు మురుగు లైన్‌లో కలపకూడదన్న సంగతి బిల్డింగ్ ఓనర్‌కే తెలియదు, "కట్టినప్పటి నుంచి అట్లనే ఉందమ్మా" అన్నారాయన. ఆ లైన్ మురుగు కోసం లెక్కేసి వేసింది, గట్టి వాన పడినప్పుడు మేడ మీది నీళ్లన్నీ అందులోకి దూకితే మ్యాన్‌హోల్ మూత లేవక ఏం చేస్తుంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డ్రైనేజీ కనెక్షన్ తీసేస్తే మెస్ మూసినట్టే, నెలవారీ డబ్బు కట్టిన పిల్లలకు ఏం చెప్పాలి? మావారు "అందరికీ ఇస్తారులే, ఎవరో వచ్చి ఎంతో కొంత అడుగుతారు" అన్నారు. నాకు ఆ ధైర్యం లేదు. రెండు రోజులాగి ఆఫీసుకి వెళ్లాను. అక్కడి ఇంజనీర్ నేను భయపడ్డట్టు గదమాయించలేదు, ఒక పాత బిల్లు వెనక గీసి చూపించారు: సింకు నీళ్లు ముందు గ్రీజ్ ట్రాప్‌లోకి, అక్కడ జిడ్డు పైకి తేలి, మడ్డి అడుగున దిగి, మధ్యలోని నీళ్లు మాత్రమే సిల్ట్ చాంబర్‌లోకి, అక్కడి నుంచి రోడ్డు మీది మ్యాన్‌హోల్‌లోకి. బాత్రూమ్ లైన్ ట్రాప్‌లో కలపకూడదు, అది నేరుగా సిల్ట్ చాంబర్ దగ్గరికే రావాలి. టైమ్ కావాలంటే నోటితో కాదు, కాగితం మీద అడగమన్నారు. మావారు అక్కడే కూర్చుని రాశారు, కాపీ మీద కాగితం అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకున్నాం. జనవరి ఆఖరు దాకా గడువు వచ్చింది. ఆ ముద్ర ఉన్న జిరాక్స్ సంగతి మళ్లీ చెప్తాను.

ముందు చేతికి దొరికింది స్టీల్ పెట్టె. సింకు కింద పెట్టుకునేది, హోటల్ సామాన్ల షాపులో "అన్ని మెస్సులకీ ఇదే ఇస్తున్నాం" అని ₹18,500కి ఇచ్చారు. నవంబర్ నెలాఖరుకి బిగించారు. టిఫిన్ టైమ్‌లో బాగానే ఉంది. మధ్యాహ్నం మూడు సింకులూ ఒక్కసారి వదిలేసరికి నీళ్లు ఆ పెట్టెలో ఆగితే కదా, ఈ వైపు దూరి ఆ వైపు పోయాయి, జిడ్డుతో సహా. షాపతను అప్పుడు చెప్తాడు, అది కాఫీ షాపులకి సరిపోయేదని! వెనక్కి తీసుకోనన్నాడు. గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: జిడ్డు విడిపోయి పైకి తేలాలంటే నీళ్లు ట్రాప్‌లో కదలకుండా అరగంటైనా ఉండాలి. రద్దీ టైమ్‌లో మీ సింకుల్లోంచి నిమిషానికి ఎన్ని లీటర్లు పోతాయో బకెట్ పెట్టి కొలిచి దాన్ని 30తో గుణించండి, దాదాపు అంత నీరు పట్టే ట్రాప్ కావాలి. మాకు నిమిషానికి 28 లీటర్ల దాకా వచ్చింది, అంటే 840. ఆ స్టీల్ పెట్టె పట్టేది 60.

కాబట్టి గొయ్యి తప్పలేదు. బిల్డింగ్ వెనక ఉన్న ఖాళీ జాగాలో తవ్వడానికి ఓనర్‌ను ఒప్పించడానికే డిసెంబర్ సగం అయిపోయింది. పునాది దెబ్బ తింటుందని ఆయన భయం. చివరికి గోడకి మూడడుగులు ఎడంగా, లోపలి కొలత 5 అడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, మూడున్నర లోతు, మధ్యలో రెండు అడ్డుగోడలతో మూడు గదులు అని ఒప్పందం. వాన పైపు విడదీసి ఇంకుడు గుంతలోకి తిప్పే ఖర్చు ఆయనది, మిగతాదంతా మాది. ఇప్పుడు అందరూ అనుకునేదే నేనూ అనుకున్నాను, సంక్రాంతికి హాస్టళ్లు ఖాళీ అవుతాయి, మెస్ ఎలాగూ మూత, అప్పుడు తవ్విస్తే సరి అని. హాస్టళ్లు ఖాళీ అయ్యాయి, వాటితోపాటు తాపీ మేస్త్రీ, కూలీలు కూడా ఊళ్లకి పోయారు! హైదరాబాద్‌లో సంక్రాంతికి పని పెట్టుకోవాలనుకునేవాళ్లు ఇది కూడా లెక్కలో వేసుకోండి. మేస్త్రీ తిరిగొచ్చింది జనవరి 20న, పిల్లలు వచ్చింది కూడా అప్పుడే. ఒక పక్క భోజనాలు, ఇంకో పక్క తవ్వకం, అంట్లు తోమిన నీళ్లు డ్రమ్ముల్లో పట్టి రాత్రిళ్లు నెమ్మదిగా వదలడం. ఆ పది రోజులు ఇప్పుడు తలుచుకున్నా నడుం నొప్పి వస్తుంది. గడువు కోసం ఇంకో కాగితం పెట్టాం, ఫిబ్రవరి 15 దాకా ఇచ్చారు.

గొయ్యి అయ్యాక నీళ్లు వదిలి చూస్తే జిడ్డు నేరుగా మూడో గదిలోకి, అక్కడి నుంచి సిల్ట్ చాంబర్‌లోకి పోతోంది. ప్లంబర్ పైపులన్నీ పైనే తిన్నగా పెట్టేశాడు. పైన తేలేదే జిడ్డు, పైనే దారి పెడితే ఇంకెక్కడ ఆగుతుంది? ఇంజనీర్ గీసిన కాగితం తెచ్చి చూపించాను. ప్రతి గదిలోంచి బయటికి పోయే చోట T ఆకారం పైపు ముక్క పెట్టి, దాని కాలు నీళ్లలోకి దిగి గొయ్యి అడుగుభాగానికి ఒక అడుగు ఎత్తులో ఆగాలి. అప్పుడు పైన జిడ్డూ కింద మడ్డీ ఆగి మధ్య నీళ్లు పోతాయి. అతను "అట్లయితే జామ్ అవుతది మేడమ్" అని వాదించాడు, మళ్లీ కూలీ అడిగాడు, సగం ఇచ్చి చేయించాను. మీరు సిమెంట్ పూయకముందే నిలబడి ఈ ఒక్కటీ చూసుకోండి.

ఫిబ్రవరి రెండో వారంలో వాటర్ బోర్డు వాళ్లు వచ్చి చూశారు, మూతలు తెరిపించారు, ఫోటోలు తీసుకున్నారు, వెళ్లారు. పావుగంట పని. ఇక అయిపోయిందనుకుంటే పక్క అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పట్టుకుంది. సెల్లార్ మునిగింది వాళ్లది కాబట్టి వాళ్ల కోపం నాకు అర్థమైంది. వాళ్లలో ఒకాయన ఫార్మా కంపెనీలో పర్యావరణం విభాగంలో చేసి రిటైర్ అయినాయన. "చాంబర్ ఫోటో కాదమ్మా, నీళ్ల రిపోర్ట్ చూపించండి" అన్నారు. ఆయన దగ్గరే నాకు అసలు అంకెలు తెలిశాయి. 1986 పర్యావరణ పరిరక్షణ నియమాల్లో ఆరో షెడ్యూల్ అని ఒకటుంది, అందులో పబ్లిక్ సీవర్‌లోకి, అంటే ఊరి మురుగు లైన్‌లోకి, వదిలే నీళ్లకు విడిగా ఒక కాలమ్. పీహెచ్ (పులుపు ఎంతో చెప్పే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 నుంచి 9 మధ్య, నీళ్లలో కరగకుండా ఉండే ఘనపదార్థాలు లీటరుకు 600 మిల్లీగ్రాములు మించకూడదు, బీఓడీ (మురుగుని తినే క్రిములకి కావాల్సిన ప్రాణవాయువు) 350, నూనె-జిడ్డు 20. ఇంతింత ఎందుకు ఒప్పుకుంటారంటే, ఆ లైన్ చివర శుద్ధి ప్లాంట్ ఉందనే లెక్కతో. లైన్ అలాంటి ప్లాంట్‌కి చేరకపోతే చెరువులోకో నదిలోకో వదిలినట్టే లెక్క, అప్పుడు ఘనపదార్థాలు 100, బీఓడీ 30, నూనె 10. మూసీ వైపు చూస్తే ఈ రెండో లెక్క ఎవరు పాటిస్తున్నారో అనిపిస్తుంది, సరే అది వేరే గోల.

ఫిబ్రవరి 24న ల్యాబ్ కుర్రాడు వచ్చాడు. నేను కడిగిన వాటర్ బాటిల్ ఇవ్వబోతే వద్దన్నాడు, నూనె ప్లాస్టిక్‌కి అంటుకుపోతుంది, లెక్క తప్పుతుందట. నూనె పరీక్షకి తనే గాజు సీసా తెచ్చుకున్నాడు, అందులో ఏదో యాసిడ్ చుక్కలు వేసి ఐస్ డబ్బాలో పెట్టాడు. పొద్దున తొమ్మిదింటికి తీసుకో బాబూ అన్నాను, అప్పుడు నీళ్లు కాస్త తేటగా ఉంటాయి కదా. అతను నవ్వి మధ్యాహ్నం రెండున్నర దాకా కూర్చుని, అంట్లు కుప్పపడ్డాక తీశాడు. భోజనం పెడితే డబ్బులిచ్చి తిన్నాడు. బీఓడీ చూడాలంటే దానికి విడిగా తీసిన సీసాని 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచాలట, అందుకని రిపోర్ట్ వారానికి గానీ రాదు. నాలుగు పరీక్షలకీ కలిపి ₹3,400.

రిపోర్ట్ చూసి ఏడుపొచ్చింది. ఘనపదార్థాలు 410, పాస్. నూనె 61. పీహెచ్ 5.2. బీఓడీ 890! లక్ష రూపాయలు గోతిలో పోసి ఇదా ఫలితం అని మావారు ఆ రోజంతా మాట్లాడలేదు. మళ్లీ ఆ రిటైర్డ్ సార్ దగ్గరికే వెళ్లాను. ఆయన అడిగింది ఒకటే మాట, "అన్నం ఎట్లా వండుతారమ్మా?" పెద్ద డేక్సాల్లో వండి గంజి వారుస్తాం. ఆ గంజి ఎక్కడికి? సింకులోకి. ఆయన తల ఊపారు. గంజి పైకి తేలదు, అడుక్కి దిగదు, నీళ్లలో కలిసిపోయి ఉంటుంది, ఎంత గొయ్యి కట్టినా దాన్ని పట్టుకోలేదు. బీఓడీ అంటే ఆ మురుగులో తినడానికి ఎంత ఉందో, దాన్ని తినే క్రిములకి ఎంత ప్రాణవాయువు కావాలో అన్న లెక్క, గంజి కన్నా వాటికి విందు ఏముంటుంది. పీహెచ్ తగ్గడానికి రసం, చింతపండు పిప్పి, పులిసిన పిండి కడిగిన నీళ్లు, మజ్జిగ.

మా ఊళ్లో గంజి సింకులో పోస్తే అమ్మమ్మ ఊరుకునేది కాదు, అది కుడితి తొట్టికి పోవాల్సిందే. ఇక్కడ తొట్టి లేదు గానీ కనుక్కుంటే దగ్గర్లోనే గేదెల షెడ్డు ఉంది, అతను మూత ఉన్న క్యాన్లు తనే తెచ్చి రోజూ మధ్యాహ్నం గంజి, బియ్యం కడుగు పట్టుకెళ్తున్నాడు. డబ్బులు తీసుకోడు, ఇవ్వడు. ఒకటే షరతు, పుల్లటిదీ ఉప్పటిదీ కలపొద్దని. నా మటుకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది ఆ క్యాన్లే, వాటికి ఒక్క రూపాయి కాలేదు.

నూనె సంగతి తేల్చింది అంట్లు తోమే అక్క. డేక్సాలు, బాండీలు త్వరగా వదలాలని మరిగే నీళ్లతో కడుగుతున్నాం, ఆ వేడికి జిడ్డు కరిగి, సబ్బుతో కలిసి ట్రాప్ దాటిపోతోంది. ఆమే అంది, "ముందు కాగితంతో తుడిచేస్తే సబ్బు కూడా సగమే పడుతుందమ్మా, నేను మా ఇంట్లో అట్లనే చేస్తా" అని. పాత న్యూస్‌పేపర్లు కిలోల లెక్కన కొంటున్నాం. ప్లేట్లలో మిగిలింది ముందు జాలీ పెట్టిన డబ్బాలోకి గీకేసి, తర్వాతే సింకులోకి. మొదటి వారం అందరూ విసుక్కున్నారు, అక్కకి నెలకి ₹1,000 పెంచాను, విసుగు తగ్గింది.

పూరీలు, వడలు వేయించిన పాత నూనె వేరే విషయం, దాన్ని మేం ఎప్పుడూ క్యాన్లలోనే దాస్తాం. దానికి కొనేవాళ్లు ఉన్నారు, బయోడీజిల్ తయారీకి తీసుకెళ్తారు, మాకు లీటరుకి ₹42 ఇస్తున్నారు, రసీదు కూడా ఇస్తారు. రోజుకి 50 లీటర్ల పైన నూనె వాడేవాళ్లు ఆ లెక్కలు రాసి పెట్టుకోవాలని ఫుడ్ సేఫ్టీ రూలే ఉంది, మేం అంత వాడం గానీ రసీదులు ఫైలు చేస్తున్నాను. బండ్లవాళ్లు వచ్చి ఎక్కువ ధర ఇస్తామని అడుగుతారు, ఇవ్వకండి, అదే నూనెలో మళ్లీ బజ్జీలు వేస్తారు.

కానీ ట్రాప్‌లో తేలిన జిడ్డుకి మాత్రం దిక్కు లేదు. ఎవరూ చెప్పని అసలు తలనొప్పి ఇది. తీయడం కష్టం కాదు, ఎక్కడ వేయాలి? చెత్త ఆటో అతను ముక్కు మూసుకుని వద్దన్నాడు. నూనె కొనేవాళ్లు సబ్బు కలిసింది, వద్దన్నారు. బ్రతిమాలితే ఇప్పుడు పై పొరని వేరే డ్రమ్ములో ఉచితంగా తీసుకుంటున్నారు. అడుగు మడ్డిని గోనెసంచీలో పోసి ట్రాప్ మీదే వేలాడదీసి, నీరంతా కారాక రంపపు పొట్టు కలిపి తడి చెత్తలో ఇస్తున్నాం, ఆటో అతనికి నెలకి ₹500. పై పొర, అడుగు మడ్డి రెండూ కలిపి నీళ్ల లోతులో నాలుగో వంతుకి చేరితే ఇక ట్రాప్ పని చేయనట్టే, మాకు అది పది పన్నెండు రోజులకే వస్తోంది. జిడ్డుని తినేసే మందు అని లీటర్ ₹900కి ఒకటి అమ్ముతారు. పోసి చూశాం, ట్రాప్ శుభ్రమైంది, సిల్ట్ చాంబర్ గోడలు జిడ్డెక్కాయి. తినలేదు, తరిమిందంతే.

ఇంకోటి, బిల్డింగ్ పాత చాంబర్ లోతుగా ఉంటుంది. దాన్ని కడగడానికి ఒకతను వచ్చి ₹1,500 ఇస్తే లోపలికి దిగుతా అన్నాడు. ఒప్పుకోలేదు, ఓనర్‌నీ ఒప్పుకోనివ్వలేదు. మనుషుల్ని అలా దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది, మురుగులో దిగి చనిపోతే 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. అవన్నీ పక్కన పెట్టండి, మూత తీయగానే కుళ్లిన గుడ్డు వాసన వచ్చే గుంతలోకి ఇంకో తల్లి బిడ్డని ఎట్లా దించుతాం. మిషన్ పెట్టి తీయించాం, ₹2,800 అయ్యింది.

మార్చి 17న రెండో శాంపిల్, 25న రిపోర్ట్. పీహెచ్ 6.5, ఘనపదార్థాలు 190, బీఓడీ 310, నూనె 19. హద్దుకి ఒక్క మిల్లీగ్రామ్ ఇవతల! అదీ మామూలు రోజున, ఆదివారం చికెన్ రోజు తీస్తే ఎంత వస్తుందో నాకు నమ్మకం లేదు. అసోసియేషన్ వాళ్లు చూసి సరే అన్నారు, ఆ సార్ మాత్రం "ఈసారి ఆదివారమే తీయిద్దాం" అంటున్నారు.

లెక్క చెప్తాను. పనికిరాని స్టీల్ పెట్టె 18,500, గొయ్యి, అడ్డుగోడలు, పైపులు కలిపి 64,000, సిల్ట్ చాంబర్ 13,500, వాసన రాకుండా రెండు అంచుల ఇనుప మూతలు 9,200, ల్యాబ్ రెండుసార్లకి 6,800, మిషన్ 2,800. మొత్తం ₹1,14,800. స్టీల్ పెట్టెని చివరికి ఒక జ్యూస్ షాపతనికి 7,000కి అమ్మాం. నెలనెలా అక్క జీతం పెంపు, ఆటో, కాగితాలు అన్నీ కలిపి ఓ 2,200 దాకా, పాత నూనె డబ్బులు అందులో కొంత పూడుస్తున్నాయి. భోజనం నెల కార్డు మీద ₹100 పెంచాం, ఇద్దరు పిల్లలు మానేశారు.

వీధిలో మూడో షాపు ఇంకా ఏమీ కట్టలేదు, వాళ్లూ గడువు కాగితాలు పెట్టుకుంటున్నారు. మ్యాన్‌హోల్ మాత్రం నవంబర్ తర్వాత పొంగలేదు, వానలు వచ్చాక చూడాలి.

ఇక ముద్ర ఉన్న జిరాక్స్ సంగతి. పని అయిందని, నోటీసు మూసేశామని మీ చేతికి ఏ కాగితమూ రాదు. నేను ఫోటోలు, ల్యాబ్ రిపోర్ట్, నూనె రసీదులు జతచేసి మార్చి 28న ఆఫీసులో ఇచ్చి, కాపీ మీద ఇన్‌వర్డ్ ముద్ర, తేదీ వేయించుకున్నాను. రేపు ఇంకో ఆఫీసర్ వచ్చి అడిగితే చూపించడానికి మన దగ్గర ఉండేది అదే. లామినేషన్ చేయించకండి, తర్వాత జిరాక్స్ సరిగ్గా రాదు.